అందాదకు, మదింపుకు నడుమ

అందరికీ నమస్కారం. ముందు వరుసలో పెద్దవాళ్లున్నారు, వెనక గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలున్నారు. ఈ నల్లగొండ గ్రంథాలయంలో పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకొచ్చి సాయంత్రం దాకా కూర్చుని చదివేవాళ్లను చూసినప్పుడల్లా నాకు చాలా సంతోషమేస్తుంది. ఇంగ్లిషు టీచరుగా నా ఉద్యోగమంతా పల్లెటూరి బడుల్లోనే గడిచింది. రిటైరయ్యాక ఇక్కడికి వచ్చి కూర్చోవడం అలవాటైంది.

మొన్న ఒక అమ్మాయి పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "మేడమ్, ఎస్టిమేట్, అసెస్, ఎవాల్యుయేట్, అప్రైజ్, ఈ నాలుగింటికీ బుక్కులో ఒకటే అర్థం రాశారు, అంచనా వేయు అని. పరీక్షలో మాత్రం నాలుగూ ఆప్షన్లుగా ఇచ్చి ఒకటే కరెక్టంటున్నారు. ఎట్లా పెట్టాలి?" అని అడిగింది. రెండు ముక్కల్లో చెప్పి పంపొచ్చు. నాకు చేతకాలేదు. ఎందుకంటే ఈ కుటుంబానికి చెందిన మాటనే ఒకదాన్ని చిన్నప్పుడు నేను తప్పుగా చదివాను. దానివల్ల మా ఇంటికి జరిగిన నష్టం ఇప్పటికీ నా గుండెలో ఉంది. ఆ సంగతి చెప్తాను. ముందు ఒక తోటలోకి పోదాం.

నల్లగొండ అంటే బత్తాయి కదా. కాపు మీదున్న తోటను గుత్తకు అడగడానికి వ్యాపారి వస్తాడు. మా చిన్నాయిన తోటకు వచ్చినాయన్ని నేను పక్కనే ఉండి చూశాను. గట్టు పక్క చెట్ల దిక్కు ఆయన చూడనే లేదు. అంచు చెట్లకు ఎండ బాగా తగులుతుంది, అక్కడి కాపు చూసి మోసపోవద్దని ఆయన లెక్క. తిన్నగా తోట నడుమకు పోయాడు. ఒక చెట్టు కింద గొంతుకూర్చుని కొమ్మల లోపలికి చూశాడు. నిలబడి చూస్తే కనిపించే కాయ వేరు, ఆకు చాటున ఉన్న కాయ వేరు. ఒక కొమ్మ కాయలు లెక్కబెట్టాడు, తర్వాత కొమ్మలు లెక్కబెట్టాడు. ఒక కాయ తెంపి అరచేతిలో బరువు చూశాడు. తొక్క మీద మంగు ఉన్నచోట గోరుతో గీకాడు. ఇట్లా నాలుగు చెట్లు చూసి బయటికొచ్చి, "పద్దెనిమిది టన్నులు దిగుతది" అన్నాడు. మా చిన్నాయిన "ఇరవై రెండుకు తక్కువ లేదు" అన్నాడు.

ఆ ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. కాయ ఇంకా చెట్టు మీదే ఉంది, కాటా ఎక్కలేదు. తూకం వేయకముందు, ఉన్న ఆధారాలను బట్టి ఇంత ఉండొచ్చని చెప్పే మాట ఎస్టిమేట్. మనం అందాద అంటాం. ఫారసీ అందాజా ఉర్దూ మీదుగా వచ్చి మన పల్లెల్లో అందాద అయింది. అందాదగా ఎంత, అందాద మీద చెప్పు అని రోజూ వాడతాం. ఎస్టిమేట్‌కు ఇంత దగ్గరి మాట మన నోట్లోనే ఉండగా పుస్తకాల్లో దాన్ని రాయకపోవడం నాకు బాధగా ఉంటుంది.

గెస్ అనే మాట దీనికి పక్కనే ఉంటుంది. గెస్ చేసినవాణ్ని "ఎందుకట్లా అంటున్నావు?" అని అడిగితే "అనిపించింది" అంటే చాలు. ఎస్టిమేట్ వేసినవాణ్ని అడిగితే నాలుగు చెట్ల లెక్క చూపించాలి. పరీక్షలో ఆ రెండూ కలిసి వస్తే వాక్యంలో ఆధారమేమైనా ఉందా అని చూడండి. ఇంకో చిన్న సంగతి. పేరుగా వాడినప్పుడు దాని చివర ఎస్టిమిట్ అన్నట్టు పొట్టిగా పలుకుతారు, పనిగా వాడితే ఎస్టిమేట్ అని సాగదీస్తారు. ఇంటర్వ్యూలో ఈ తేడా తెలిసిపోతుంది.

ఎస్టిమేట్ కంటిచూపుతో వేసేదే కానక్కర్లేదు. మిర్యాలగూడ దిక్కు ఆయకట్టు ఊళ్లలో వరి కోతలప్పుడు అధికారులొచ్చి పంట కోత ప్రయోగం చేస్తారు. లాటరీ వేసినట్టు ఒక పొలాన్ని, అందులో ఒక చోటును ఎంచుతారు. నాలుగు మేకులు కొట్టి, తాడు కట్టి, 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గడి చేస్తారు. ఆ గడిలో పైరు మాత్రమే కోసి, కొట్టి, గింజ తూస్తారు. గడి 25 చదరపు మీటర్లు, ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు. అంటే దాదాపు 162 రెట్లు. గడిలో 15 కిలోలొస్తే ఎకరానికి 24 క్వింటాళ్ల చిల్లర అని లెక్క. గడిలోని 15 కిలోలు మెజర్‌మెంట్, ఎందుకంటే అది కాటా మీద తూచింది. ఎకరానికి 24 క్వింటాళ్లు ఎస్టిమేట్, ఎందుకంటే ఆ ఎకరమంతా ఎవరూ తూచలేదు. ఒకే కాగితం మీద రెండు మాటలూ ఉంటాయి. పంట బీమా కోసం ఆ కాగితం చదివేటప్పుడు ఏది తూచింది, ఏది లెక్కతో వచ్చింది అని వేరు చేసి చూడాలి.

ఎస్టిమేట్‌కు లాటిన్‌లో మూలం ఈస్టిమారే. ఎస్టీమ్ కూడా అక్కణ్నుంచే వచ్చింది. ఎస్టీమ్ అంటే గౌరవం. ఒక మనిషిని మనసులో ఎంతకు కడుతున్నామన్నదే గౌరవమని ఆ భాషవాళ్లు అనుకున్నారన్నమాట.

ఇక అసెస్. ఈ మాట పుట్టుక తెలిసిన రోజు నేను క్లాసులో పాఠం ఆపేసి పిల్లలకు చెప్పాను. లాటిన్‌లో అసిడేరే అంటే పక్కన కూర్చోవడం. న్యాయాధికారి పక్కన ఒక మనిషి కూర్చునేవాడు. ఎవరికెంత పన్ను, ఎంత జరిమానా అని తేల్చడంలో సాయం చేసేవాడు. అట్లా పక్కన కూర్చుని తేల్చే పనికి అసెస్ అని పేరొచ్చింది. అందుకే ఈ మాటకు పన్ను వాసన ఇప్పటికీ పోలేదు. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, దాని మీద అసెస్‌మెంట్ నంబర్ ఉంటుంది. తెలుగులో దీనికి మదింపు అనే చక్కని మాట ఉంది. పన్ను మదింపు అంటాం. పన్ను అంచనా అంటే అర్థం మారిపోతుంది, బడ్జెట్‌లో వస్తుందనుకున్న పన్ను అవుతుంది.

మన తాతల భూములు కూడా ఇట్లా మదింపు అయినవే. నిజాం దివాన్ సాలార్‌జంగ్ కాలంలో మొదలైన భూమి శిస్తు సంస్కరణల వెంట, హైదరాబాద్ రాజ్యంలో సర్వే, బందోబస్తు, అంటే భూమికి శిస్తు ఖరారు చేసే పని, బొంబాయి పద్ధతిలో జరిగాయి. నేల రంగు, లోతు, ఇసుక, సున్నపు రాయి అన్నీ చూసి ఒక్కో చెలకకు అణాల్లో విలువ రాశారు. అప్పుడు రూపాయికి 16 అణాలు గనక మేలైన నేల 16 అణాలు. మిగతావి దానికింద దిగుతూ పోయేవి. ఆ అణాలను బట్టి శిస్తు. మీ ఇళ్లలో సేత్వారు, అంటే ఆ పాత సర్వే రికార్డు, నకలు ఉంటే సర్వే నంబరు, విస్తీర్ణం పక్కన ఆ శిస్తు అంకెలు కనిపిస్తాయి. అక్కడ ఎవరూ నేలకు బేరం పెట్టలేదు. ఈ భూమి ఎంతకు అమ్ముడుపోతుందన్న ప్రశ్న లేదు. ఈ భూమి మీద ఎంత పన్ను వేయొచ్చు అన్నదే ప్రశ్న. అసెస్ అన్న మాట వినగానే, నా పక్కన కూర్చున్నది ఎవరు, ఏం తేల్చడానికి కూర్చున్నారు అని అడగండి.

అజమాయిషీ అంటే ఇప్పుడు పెత్తనం అని అనుకుంటున్నాం. ఫారసీలో ఆజ్మాయిష్ అంటే పరీక్షించి చూడడం. రెవెన్యూవాళ్లు పొలం మీదికొచ్చి ఏ పంట వేశారో కళ్లతో చూసి పహాణీలో రాసుకోవడం పంటల అజమాయిషీ. అదీ మదింపు లాంటిదే.

బడుల్లో ఎఫ్‌ఏలు, ఎస్‌ఏలు అని పెడుతున్నారు కదా, ఫార్మేటివ్ అసెస్‌మెంట్, సమ్మేటివ్ అసెస్‌మెంట్. ఫార్మేటివ్ అసెస్‌మెంట్ అంటే మార్కుల పట్టిక నింపడమనే చాలామంది అనుకుంటారు. ఆ మాట మూలం తెలిసినప్పటి నుంచి నేను పిల్ల పక్కన బెంచీ మీద కూర్చుని దిద్దడం మొదలుపెట్టాను. అట్లా కూర్చుంటే పిల్ల ఎక్కడ ఆగుతోందో కనిపిస్తుంది. బల్ల అవతల కుర్చీలో కూర్చుంటే కనిపించదు.

ఎవాల్యుయేట్ దీనికి కొంచెం అవతలి మాట. ఒక ఉదాహరణ చెప్తాను, ఇది గుర్తుపెట్టుకుంటే ఎక్కడా తప్పు పోదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో మన చెరువులకు పూడిక తీశారు. ఈ చెరువు పనికి ఎంత ఖర్చవుతుందని ఇంజినీరు ముందు రాసింది ఎస్టిమేట్. ఎంత మట్టి తీశారని టేపు పట్టి కొలిచింది మెజర్‌మెంట్. కట్ట ఎట్లా ఉంది, తూము పనిచేస్తోందా, అలుగు గట్టిగా ఉందా అని ఇప్పటి పరిస్థితి చూసి తేల్చడం అసెస్‌మెంట్. అన్నీ అయ్యాక, ఈ పని చేసినందుకు ఆయకట్టు రైతుకు ఏం మేలు జరిగింది, పెట్టిన డబ్బుకు తగ్గ ఫలితం వచ్చిందా అని ముందే పెట్టుకున్న కొలబద్దతో తేల్చడం ఎవాల్యుయేషన్. మూల్యాంకనం అని మనవాళ్లు పెట్టిన పేరు దీనికి సరిపోయింది. పదో తరగతి పరీక్షల స్పాట్ వాల్యుయేషన్‌కు నేను చాలా ఏళ్లు పోయాను. పేపరు చేతిలోకి రాకముందే కీ వస్తుంది, ఏ జవాబుకు ఎన్ని మార్కులో అందులో ఉంటుంది. కీ లేకుండా మార్కు వేస్తే అది నా ఇష్టం అవుతుంది, వాల్యుయేషన్ కాదు. రీకౌంటింగ్‌కు, రీవెరిఫికేషన్‌కు ఫీజు వేర్వేరుగా ఎందుకుంటుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. మొదటిది వేసిన మార్కులను మళ్లీ కూడడం, రెండోది జవాబుపత్రాన్ని మళ్లీ తెరిచి చూడడం. పిల్లలు ఇది తెలియక ఒకదానికి బదులు ఇంకొకటి కట్టి ఏడుస్తారు.

గేజ్, రేట్ గురించి ఎక్కువ చెప్పను. గేజ్ మొదట పీపాలో ఎంత ద్రవం ఉందో చూసే మాట, ఇప్పుడు నీటిమట్టానికీ, వాన కొలతకూ, ఎదుటివాళ్ల మనసు పసిగట్టడానికీ వాడతారు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అక్కడ రాసి ఉండే అంకెలది గేజ్ పనే. రేట్ అంటే వరసలో ఎక్కడ నిలబెడతామన్నది. సినిమాకు స్టార్లు ఇవ్వడం రేటింగ్.

అప్రైజ్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. పెబ్బేరు సంతకు మా మేనమామ వెంట ఒకసారి పోయాను. ఎద్దుల జత కొనాలి. మామ తనకు తెలిసిన పెద్దాయన్ని ఒకరిని వెంట తీసుకొచ్చాడు. ఆయన మొదట ఎద్దు దగ్గరికే పోలేదు. దూరంగా నిలబడి నడిపించమన్నాడు. వెనక కాలు ముందు కాలు అడుగులో పడుతోందా అని చూశాడు. తర్వాత దగ్గరికొచ్చి మూపు మీద చెయ్యి వేసి కిందికి అదిమాడు, కాడి మోసిన కాయ ఎంత గట్టిపడిందో చూడడానికి. పెదవి ఎత్తి పళ్లు చూశాడు. రెండు పళ్లా, నాలుగు పళ్లా, ఆరు పళ్లా, పళ్లన్నీ కలిశాయా అన్నదాన్ని బట్టి వయసు చెప్తారు. గిట్టలు చూశాడు, సుళ్లు చూశాడు. అప్పుడు అమ్మేవాడి చేతి మీద తువ్వాల కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పాడు. పక్కన నిలబడ్డ నాకు ఒక్క అంకె కూడా తెలియలేదు. తువ్వాల కింద వేళ్లు కదలడం మాత్రం కనిపించింది. మామ అడిగితే, "అడిగిన ధరకు ఒకటే తగుతది, రెండోది వద్దు, ముందు కాలు దాస్తున్నది" అన్నాడు.

ఆ పెద్దాయన చేసిన పని అప్రైజల్. వస్తువును చేత్తో పట్టి, కంటితో చూసి, అనుభవమున్నవాడు ఇది ఇంత చేస్తుందని చెప్పడం. బ్యాంకులో బంగారం మీద అప్పు తీసుకున్నవాళ్లకు అప్రైజర్ తెలుసు. గీటురాయి మీద గీసి చూస్తాడు, రాళ్ల బరువు తీసేస్తాడు, మిగిలిన బంగారానికి వెల కడతాడు. అమ్మ పుస్తెలతాడు అక్కడ పెట్టినప్పుడు ఆమె చెయ్యి ఎట్లా వణికిందో ఆ కాగితంలో ఉండదు. అప్రైజర్ తప్పు కాదది, ఆయన్ను అడిగిన ప్రశ్నే బంగారం గురించి. లోహాన్ని పరీక్షించి అందులో ఎంత మేలిమి ఉందో తేల్చే పనికి అస్సే అని వేరే మాట ఉంది. హాల్‌మార్క్ వేసే కేంద్రాల బోర్డు మీద అస్సేయింగ్ అని ఉంటుంది, గమనించండి. అస్సే, మనం రాసే ఎస్సే రెండూ ఒకే మాట, రెండింటి అసలర్థం పరీక్షించి చూడడమే. క్యారెట్ అన్న మాట కేరబ్ చెట్టు గింజ నుంచి వచ్చింది. మన అవుసులాయన, అంటే కంసాలి, గురిగింజతో తూచినట్టే అక్కడివాళ్లు ఆ గింజతో తూచారు. 24 పాళ్లలో 22 పాళ్లు మేలిమి ఉంటే 22 క్యారెట్లు, ముద్ర మీద 916.

అప్రైజ్‌లో ప్రైస్ దాగి ఉంది. లాటిన్‌లో ప్రేతియుం అంటే వెల. ప్రైస్, ప్రైజ్, ప్రెషస్, అప్రిషియేట్, అన్నీ దాని పిల్లలే. పొగడ్తకు వాడే ప్రెయిజ్ కూడా. భూమి ధర పెరిగినా అప్రిషియేట్ అంటారు, పిల్ల బాగా పాడితే మెచ్చుకున్నా అప్రిషియేట్ అంటారు. పరీక్షలో ఒక వల వేస్తారు, చూసుకోండి. అప్రైజ్‌లో ఎ అక్షరం ఒకటి తగ్గితే వేరే మాట అవుతుంది, దానికి అర్థం తెలియజేయడం. పలికేటప్పుడు తేడా వినిపిస్తుంది, వెల కట్టేది అప్రెయిజ్, తెలియజేసేది అప్రైజ్. మనం తెలుగులో రెండింటినీ ఒకేలా రాసేస్తాం. పరీక్ష మాత్రం ఒప్పుకోదు.

ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిది అని ఏటా కనీసం పదిమంది రాసేవాళ్లు నా క్లాసులో. ముందు ఇన్ ఉంది గనక లేదు అన్నమాట అనుకుంటారు. వెల కట్టడానికి వీలు కానంత విలువైనది అని దాని అర్థం. ప్రైస్‌లెస్ కూడా అంతే. వాల్యులెస్, వర్త్‌లెస్ మాత్రం నిజంగానే విలువ లేనివి. తెలుగులో అమూల్యం అంటే ఎవరూ తప్పు పోరు, ఇంగ్లిషులో పోతారు.

మన భాషలో ఖరీదు, ధర, వెల, విలువ వేర్వేరు మాటలని మనకు పుట్టుకతోనే తెలుసు. ఖరీదు ఫారసీలో కొనుగోలు. ధర మార్కెట్ యార్డులో ఇవాళ పలికేది. వెల అమ్మేవాడు చెప్పేది. విలువ మాత్రం అమ్మకపోయినా ఉంటుంది. గద్వాల చీర సంగతి చూడండి. నూలు చీరకు పట్టు అంచును పోగుపోగునా కలిపి నేసే కుప్పడం పని మగ్గం మీద చూసినవాళ్లకు, దాని కాస్ట్ వేరు, ప్రైస్ వేరు, వర్త్ వేరు అని ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. నేతగాడికి పడ్డ ఖర్చు కాస్ట్, షాపు చీటీ మీద ఉన్నది ప్రైస్. కట్టుకున్నామె పెట్టె అడుగున ముప్పై ఏళ్లు దాచుకుంటుంది చూడండి, అక్కడ ఉన్నది వర్త్.

ఇప్పుడు నా సంగతి చెప్తాను.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. తెలుగు మీడియం. మా ఊరి మీదుగా కాలువ తీస్తామని మా పొలంలో 2 ఎకరాల 10 గుంటలు అడిగారు. ఆ చెక్కలో ఒక మోట బావి, నాలుగు వేపచెట్లు, ఒక చింతచెట్టు. చింతచెట్టు చాలా పెద్దది. ఏటా చింతపండు కొట్టి, గింజ తీసి, గంపల్లో నింపి అమ్మేవాళ్లం. మా ఇంటి బట్టల ఖర్చు ఆ చెట్టే ఇచ్చేది. కాలువ వస్తే ఊరికి మంచిదే అని మా నాయిన ఏమీ అనలేదు. కొన్నాళ్లకు ఇంగ్లిషులో టైపు చేసిన కాగితం వచ్చింది. ఇంట్లో ఆ అక్షరాలు చదవగలిగింది నేనొక్కదాన్నే.

"ఏం రాసిండ్రు బిడ్డా?" అన్నాడు.

నేను వేలు పెట్టి చదివాను. పైనే అవార్డ్ అని పెద్దక్షరాల్లో ఉంది. ఆ ఏడాదే నాకు బడిలో వక్తృత్వ పోటీలో స్టీలు గిన్నె వచ్చింది, దానితో ఇచ్చిన కాగితం మీద కూడా అవార్డ్ అనే ఉంది. "నాయినా, మనకు బహుమానం ఇస్తున్నరు" అన్నాను.

నాయిన ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. "బహుమానమైతే ఇచ్చినంత తీసుకోవాలె. బేరం చేస్తే బాగుండదు" అన్నాడు. పోయి సంతకం పెట్టి డబ్బు తీసుకున్నాడు.

భూసేకరణలో అవార్డ్ అంటే తీర్పు. ఇంత భూమికి ఇంత పరిహారం అని అధికారి తేల్చిన నిర్ణయం. జాగ్రత్తగా పరిశీలించి చూడడం అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట నుంచి అది ఇంగ్లిషులోకొచ్చింది. పోటీలో ఇచ్చేది కూడా జడ్జీలు చూసి తేల్చినదే గనక దానికీ ఆ పేరు. నాకు రెండోది తెలుసు, మొదటిది తెలియదు. అప్పుడున్న 1894 నాటి చట్టంలో, ఆ తీర్పుకు ఒప్పుకోనివాళ్లు పరిహారం పెంచమని కోర్టుకు పంపించమని అడగొచ్చు. దానికి ఒక షరతు ఉంది. డబ్బు తీసుకునేటప్పుడు అండర్ ప్రొటెస్ట్ అని, అంటే నాకు అభ్యంతరం ఉంది, అయినా తీసుకుంటున్నాను అని, తెలియజేసి తీసుకోవాలి. అట్లా కాకుండా తీసుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. మా పక్క చేనాయనకు ఎవరో వకీలు దగ్గర పనిచేసే మనిషి ఆ రెండు మాటలు చెప్పాడు. ఆయన రాశాడు. ఏళ్లు పట్టింది కానీ కోర్టులో ఆయన పరిహారం పెరిగింది. అట్లా పెరిగిన డబ్బు మా అక్క పెళ్లికి నాయిన చేసిన అప్పు కన్నా ఎక్కువ.

టీచరు ఉద్యోగం వచ్చాక ఒకరోజు పెట్టెలో ఆ కాగితం దొరికితే మళ్లీ చదివాను. చెట్ల పట్టికలో ఐదు చెట్లనూ కలిపి కట్టె కింద రాశారు. మా చింతచెట్టు ఎన్ని గంపల పండు ఇస్తుందన్న ప్రశ్నే వేయలేదు, నరికితే ఎంత కట్టె వస్తుందని చూశారు. పక్కన ఎస్టిమేటెడ్ వాల్యూ అని ఉంది. అందులో ఎస్టిమేటెడ్ అంటే, ఇది మా అందాద, నీ లెక్క వేరే ఉంటే చూపించు అని. బత్తాయి తోటలో చిన్నాయిన ఇరవై రెండు అన్నట్టు నాయిన కూడా అనొచ్చు. ఆ సంగతి ఆ మాటలోనే ఉంది. నేను దాన్ని కూడా విలువ కట్టారు అని చదివి వదిలేశాను. మనం కట్టిన విలువను అడగొచ్చని తోచలేదు.

ఇప్పటి చట్టం 2013 నాటిది. చెట్లకు వెల కట్టేటప్పుడు వ్యవసాయం, తోటలు, అడవుల్లో అనుభవం ఉన్నవాళ్ల సాయం కలెక్టర్ తీసుకోవచ్చని, ఇళ్లకైతే ఇంజినీరు సాయం తీసుకోవచ్చని అందులో ఉంది. మార్కెట్ విలువ తేల్చి, చెట్లూ బావులూ కలిపి, దాని మీద నూటికి నూరు శాతం సొలేషియం ఇవ్వాలి. సొలేషియం లాటిన్ మాట, ఓదార్పు అని అర్థం. ధర ఇచ్చాక కూడా ఓదార్పు విడిగా ఇవ్వాలని చట్టం రాసినవాళ్లకు తోచిందంటే, ధరలోకి రానిది ఒకటి ఉందని వాళ్లు ఒప్పుకున్నట్టే కదా. శ్రీశైలం నీళ్లు వచ్చినప్పుడు మన మహబూబ్‌నగర్ కృష్ణ ఒడ్డు ఊళ్లు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఆలంపురం పోయినప్పుడల్లా ఆ గుడి ముందు నిలబడితే నాకు మా చింతచెట్టే గుర్తొస్తుంది. రాయిని విప్పి మళ్లీ పేర్చొచ్చు.

వెనక కూర్చున్నాయన చెయ్యెత్తారు, చెప్పండి. ఇప్పుడు కూడా అండర్ ప్రొటెస్ట్ అవసరమేనా అని అడుగుతున్నారు. అవసరమే, కొత్త చట్టంలోనూ ఆ షరతు ఉంది. గడువు కూడా ఉంది. అవార్డ్ ప్రకటించినప్పుడు మీరు అక్కడే ఉంటే ఆ రోజు నుంచి 6 వారాలు. లేకపోతే లెక్క కొంచెం వేరు, అది మంచి వకీలుతో మాట్లాడాల్సిన సంగతి. నేను వకీలును కాను. నేను చేయగలిగింది ఆ కాగితంలో ఏ మాట ఎక్కడుందో, దానికి అర్థమేమిటో చదివి చెప్పడం.

గ్రూప్స్ పిల్లలకు ఇందాక చెప్పిన చెరువు ఉదాహరణ బోర్డు మీద రాసి ఉంచాను, ఎత్తి రాసుకోండి. మీ ఇళ్లల్లో, మీ ఊళ్లలో ఎవరికైనా ఇంగ్లిషు నోటీసు వచ్చి ఉంటే, భూమిదైనా, పంట నష్టానిదైనా, బంగారం లోనుదైనా, రేపు తీసుకురండి. పది గంటల నుంచి నాలుగు దాకా కిటికీ పక్క బల్ల దగ్గర ఉంటాను. కాగితం తెచ్చేటప్పుడు అది వచ్చిన కవరు కూడా పారేయకుండా తెండి, దాని మీద పోస్టాఫీసు ముద్ర తేదీ ఉంటుంది. ముందు ఆ తేదీ చూద్దాం.